బొంత ఉతకకుండా తెచ్చాం: పాలమూరు నుంచి నల్లగొండకు ఒక కుక్క, రెండు పిల్లులు

జనవరి 5

మా ఆయనకు నల్లగొండ బదిలీ ఖాయమైంది. సంక్రాంతి కాగానే ఆయన వెళ్ళి డ్యూటీలో చేరతారు. పుష్యమాసంలో ఇల్లు మారొద్దని అమ్మ పట్టు. కాబట్టి మాఘం వచ్చాకే మేం కదులుతాం. అంటే నా చేతిలో నెల రోజులు ఉన్నాయి. చేసిన పనులన్నీ ఈ నోట్‌బుక్‌లో రాసుకుంటాను.

సామాను గురించి నాకు టెన్షన్ లేదు. డీసీఎం లారీ మాట్లాడితే ఒక రోజు పని. నా భయమంతా మూడు ప్రాణాల గురించే. మోతీ తొమ్మిదేళ్ళ ఊరకుక్క, ఆడది. చిట్టి ఏడేళ్ళ చారల పిల్లి. గుండు ఏడాదిన్నర మగపిల్లి, ఆపరేషన్ చేయించాం.

భయానికి కారణం ఉంది. నాలుగేళ్ళ కింద ఇక్కడ పాలమూరులోనే, అంటే మహబూబ్‌నగర్‌లోనే, నాలుగు గల్లీల అవతలికి ఇల్లు మారాం. వెళ్ళిన రెండో రోజే చిట్టి కిటికీలోంచి దూరి వెళ్ళిపోయింది. పన్నెండు రోజులు వెతికాం. చివరికి పాత ఇంటి ప్రహరీ మీద, ముందుకాలు వాచిపోయి, చిక్కి శల్యమై కనిపించింది. అప్పుడు నాలుగు గల్లీలు కాబట్టి దొరికింది. ఇప్పుడు మధ్యలో జడ్చర్ల, కల్వకుర్తి, దేవరకొండ ఉన్నాయి. ఈసారి అది పాత ఇల్లు వెతుక్కుంటూ బయల్దేరితే ఇక దొరకదు.

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు. ఈ మాట నేను చాలాసార్లు తలుచుకున్నాను. పిల్లకూన ఏడిళ్ళు మారినా ఎందుకు బెదరదు? తల్లి నోట కరుచుకుని తీసుకెళ్తుంది. ఇల్లు మారుతుంది కానీ తల్లి వాసన మారదు. పోయినసారి మేం చేసిన తప్పు అదే. కొత్తింటికి వెళ్తున్నామని చద్దర్లు, దుప్పట్లు, పిల్లి పడుకునే బొంతతో సహా అన్నీ ఉతికి తీసుకెళ్ళాం. ఇల్లు కొత్తది, పైగా ఫినాయిల్ కంపు. తనది అనుకోవడానికి చిట్టికి అక్కడ ఒక్క వస్తువు కూడా మిగల్లేదు. ఈసారి వాసనను కూడా సామాను లెక్కలో కట్టి తీసుకెళ్ళాలి. నా పని అంతా దీని చుట్టూనే.

జనవరి 9

ఇల్లు వెతకడం మా ఆయన పని. ఆదివారం పొద్దున్నే వెళ్ళి రాత్రికి వచ్చారు. ఆరు ఇళ్ళు చూస్తే నాలుగింట్లో కుక్క అనగానే మాట ఆగిపోయిందట. ఒక అపార్ట్‌మెంట్‌లో ఓనరు ఒప్పుకున్నా, సంఘం వాళ్ళు జంతువులు పనికిరావన్నారట. ఆ మాట చెల్లదు. అపార్ట్‌మెంట్ సంఘాలు పెంపుడు కుక్కల మీద నిషేధం పెట్టకూడదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. కానీ గొడవతో మొదలయ్యే ఇంట్లో మోతీ రోజూ మెట్లు దిగి ఎక్కాలి కదా. వద్దనుకున్నాం.

రామగిరి వైపు ఒక ఇల్లు కుదిరింది. మొదటి అంతస్తు, కింద ఓనరు పెద్దమ్మ ఒక్కరే ఉంటారు. "మా ఇంట్ల గూడ పదమూడేండ్లు కుక్క ఉండె నాయనా, రాత్రిపూట మొరగకుండ సూస్కోండ్రి, సాలు" అన్నారట. అద్దె మేం అనుకున్న దానికంటే వెయ్యి ఎక్కువ. సరే అన్నాం.

జనవరి 12

ముగ్గురినీ డాక్టర్ గారికి చూపించాం. మోతీకి రేబిస్ టీకా గడువు మార్చిలో ఉంది, అయినా ప్రయాణం ముందుందని ఇప్పుడే వేశారు. పిల్లులకు కూడా రేబిస్ టీకా వేయించాలన్న సంగతి చాలామంది పట్టించుకోరు. డబ్బుకు వెనకాడేవాళ్ళకు ఒక దారి ఉంది. ఏటా జూలై 6న, జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు అంటే జబ్బులు) దినం నాడు, ప్రభుత్వ పశువుల దవాఖానల్లో ఈ టీకా ఉచితంగా వేస్తారు.

ఆరోగ్య పత్రం గురించి అడిగాను. 1978 నాటి జంతువుల రవాణా నియమాల ప్రకారం కుక్కనైనా పిల్లినైనా రైల్లో, రోడ్డు మీద తీసుకెళ్ళేటప్పుడు ప్రయాణానికి తగిన ఆరోగ్యం ఉందని, రేబిస్ లేదని డాక్టరు ఇచ్చిన పత్రం వెంట ఉండాలి. బయల్దేరే ముందు వారం రమ్మన్నారు, అప్పుడు రాసిస్తారు.

రైలు ఆలోచన అక్కడే వదిలేశాం. మహబూబ్‌నగర్ ఉన్నది డోన్ లైన్లో, నల్లగొండ ఉన్నది బీబీనగర్ మీదుగా గుంటూరు పోయే లైన్లో. హైదరాబాద్ వెళ్ళి బండి మారాలి. మోతీ లగేజీ పెట్టెలో, పిల్లులు వేరే చోట, మధ్యలో అంత పెద్ద స్టేషన్ రద్దీ. కారే మేలు.

నిద్రమందు ఇస్తారా అని అడిగితే డాక్టర్ గారు వద్దన్నారు. బుట్ట అలవాటు చేయడానికి నెల టైం ఉంది కదా, అదే మందు అన్నారు. మనుషులు వేసుకునే గోలీలు ఏవీ ఇవ్వొద్దని, ముఖ్యంగా పారాసిటమాల్ పిల్లికి ప్రాణం తీస్తుందని రెండుసార్లు చెప్పారు.

జనవరి 13

బుట్టలు వచ్చాయి. ప్లాస్టిక్‌వి, పైమూత తీసేయడానికి వీలున్నవి రెండు. మూతలు తీసి కింది భాగాలు మాత్రం నడిమింట్లో పెట్టాను. గుండు పావుగంటలో ఎక్కి కూర్చున్నాడు. చిట్టి చుట్టూ తిరిగి, అంచు వాసన చూసి వెళ్ళిపోయింది. దాని చేప ముక్కలు రేపటి నుంచి బుట్ట పక్కనే.

జనవరి 15

పండుగ. గాలిపటాల మాంజా వాకిట్లో రెండు చోట్ల దొరికింది, ఏరి కాల్చేశాను. చిట్టి బుట్టలో తల పెట్టి తిన్నది, కాళ్ళు బయటే.

జనవరి 19

ఈరోజు కొత్తిల్లు చూడటానికి నేనే నల్లగొండ వెళ్ళాను. టేపు, టార్చి, చేతి తొడుగులు తీసుకెళ్ళాను. ఖాళీ ఇల్లు కాబట్టి నేల మీద పిల్లి ఎత్తులో కూర్చుని చూశాను. నిలబడి చూస్తే కనపడనివి చాలా ఉన్నాయి.

వంటింటి సజ్జ మీద పాత పేపర్ల కింద డాంబర్ గోలీలు, ఏడెనిమిది. కుక్కకూ పిల్లికీ అవి విషమే. స్టోర్ అర్రలో, తలుపు వెనక మూలన, అట్టముక్క మీద ఎలుకల మందు. పాతవాళ్ళు పెట్టి మర్చిపోయి ఉంటారు. గులాబీ రంగు గింజలు, సగం పొడి అయ్యాయి. చూడగానే ఒళ్ళు చల్లబడింది. మోతీ ఏ ఇంటికి వెళ్ళినా ముందు మూలలే నాకుతుంది. తొడుగులు వేసుకుని రెండు కవర్లలో మూట కట్టి తీశాను, ఆ మూల మూడుసార్లు సబ్బునీళ్ళతో కడిగాను. ఆ తర్వాత ఫ్రిజ్ పెట్టే చోటు, బాత్‌రూమ్ గూడు, సింక్ కింద, కిటికీ పట్టాలు అన్నీ టార్చి వేసి చూశాను. ఇల్లు మారేవాళ్ళు ఈ పని ఒక్కటి తప్పక చేయండి. ఎలుకల మందు తిన్న ఎలుకను పిల్లి తిన్నా ప్రమాదమే.

మెట్ల పక్కన కుండీలో గన్నేరు ఉంది. ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషం. పెద్దమ్మకు చెప్తే "దేవునికి పూలు దానివే కద బిడ్డా" అన్నారు. కుండీని డాబా మీదికి మార్చి, డాబా తలుపుకు గొళ్ళెం వేద్దామన్నాను. సరే అన్నారు.

బాల్కనీ కొలతలు: వెడల్పు 11 అడుగులు, నేల నుంచి స్లాబు దాకా 7 అడుగుల 9 అంగుళాలు. కింద మూడు అడుగుల గ్రిల్లు ఉంది కానీ చువ్వల మధ్య నాలుగు అంగుళాల సందు. పిల్లికి భుజం దగ్గరి ఎముక మిగతా ఎముకలకు అతుక్కుని ఉండదు. అందుకే తల పట్టినచోట ఒళ్ళంతా జారిపోతుంది. గుండు తల దారంతో కొలిచి తీసుకెళ్ళాను, నాలుగు అంగుళాలు వాడికి దర్వాజతో సమానం. పైగా కోతులు. నేనున్న గంటలోనే ఎదురింటి ట్యాంకు మీద ఆరు కనిపించాయి. నైలాన్ వల అయితే కోతి ఒక్క గుంజుకే తెంపుతుంది. ఇనుప జాలీయే వేయాలి.

జనవరి 26

జాలీ పని అయింది. సెలవు కదా అని నేనూ మా ఆయనా పొద్దున మొదలుపెడితే సాయంత్రం ఐదు దాటింది.

సామాను ఇది: అంగుళం గళ్ళ జీఐ (జింకు పూత వేసిన ఇనుము) వెల్డ్ మెష్ జాలీ, 4 అడుగుల వెడల్పుది, 23 అడుగులు. అంగుళం చదరపు పైపులు మూడు. నాలుగు యాంకర్ బోల్టులు. జీఐ బైండింగ్ వైరు కిలో. వెల్డింగ్ ఏమీ పెట్టుకోలేదు, అద్దె ఇల్లు కాబట్టి ఖాళీ చేసేటప్పుడు విప్పుకోవాలి. స్లాబుకు నాలుగు రంధ్రాలకు మాత్రం పెద్దమ్మ ఒప్పుకున్నారు, పోయేటప్పుడు సిమెంటు పూసి పోతామని మాటిచ్చాం.

చదరపు పైపులు రెండు చివర్లా ఒకటి, నడుమ ఒకటి నిలబెట్టి, కింద గ్రిల్లుకు కట్టి, పైన బోల్టులతో బిగించాం. నడుమ పైపుకు రెండు బోల్టులు పడ్డాయి. జాలీని 11 అడుగుల చొప్పున రెండు ముక్కలు కోశాం. ఒకటి కింద, ఒకటి పైన, మధ్యలో మూడు అంగుళాలు ఒకదాని మీద ఒకటి వచ్చేలా పెట్టి, జానెడుకు ఒక కట్టు చొప్పున వైరుతో కుట్టినట్టు కట్టాం. వైరు కొసలన్నీ బయటి వైపు వంచాలి. మొదటి పది కట్లు లోపలికి వంచేశాం, చిట్టి ఒళ్ళు రాసుకుంటే చర్మం చీరుతుందని గుర్తొచ్చి అవన్నీ విప్పి మళ్ళీ కట్టాం.

అంతా అయ్యాక వంగి చూస్తే ఎడమ మూలన వాన నీళ్ళు పోయే చోట ఐదు అంగుళాల సందు. నేను కొలిచింది గోడ నుంచి గోడకే, నేల దగ్గర కొలవలేదు. మిగిలిన జాలీ ముక్క మడిచి అక్కడ దూర్చి కట్టాం, నీళ్ళు పోతున్నాయి. మొత్తం ఖర్చు మూడు వేల రెండు వందలు.

ఇంటికి వచ్చాక అమ్మ చెప్పింది, చిట్టి మధ్యాహ్నం బుట్టలో పడుకుని నిద్రపోయిందట. ఈ రోజు వచ్చిన మంచి కబురు అదే.

ఫిబ్రవరి 1

బుట్టలకు మూతలు పెట్టాను. తలుపు వేసి ఐదు నిమిషాలు, తర్వాత పది. నిన్న ఆటో మాట్లాడుకుని పిల్లలమర్రి దాకా తీసుకెళ్ళి తెచ్చాను. గుండు దారంతా అరిచాడు. చిట్టి అరవలేదు, నోరు తెరిచి రొప్పింది. పిల్లి నోరు తెరిచి రొప్పితే అది బాగా బెదిరినట్టు. ఈరోజు బుట్ట మీద నా పాత నూలు చీర కప్పి తీసుకెళ్ళాను. రొప్పడం లేదు. చీకటి, నా వాసన, రెండూ పనిచేశాయి.

అమ్మతో చిన్న గొడవ. నేను బజారుకు వెళ్ళి వచ్చేసరికి బొంత బకెట్లో నానబెట్టబోతోంది. "కొత్తింట్లకు గీ మురికి బొంత ఎట్ల తీస్కపోతం బిడ్డా, నలుగురు సూస్తె ఏమనుకుంటరు" అంటుంది. ఆ బొంత అమ్మే కుట్టింది, తన పాత చీరలతో. చిట్టి ఏడేళ్ళూ దాని మీదే పడుకుంది. నేను అమ్మను కూర్చోబెట్టి చెప్పాను. పిల్లికి చెంపల దగ్గర వాసన గ్రంథులు ఉంటాయి, అది తల రాసుకున్న ప్రతిచోటా ఇది నాది అని రాసుకుంటున్నట్టే. ఆ రాత ఉన్న ఒకే ఒక్క వస్తువు ఈ బొంత. అది ఉతికితే రాత చెరిపేసినట్టే. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత బొంత తీసి, దులిపి, ఎండలో కూడా వేయకుండా తనే మడత పెట్టింది. మోతీ గొంగడి కూడా అంతే, నాన్న కాలం నాటిది, కురుమవాళ్ళు నేసింది. అది ఎలాగూ ఉతికేది కాదు.

ఇంకో పని మొదలుపెట్టాను. రోజూ చిట్టి, గుండు చెంపల మీద మెత్తని పాతగుడ్డ ఒకటి రాసి డబ్బాలో దాస్తున్నాను. కొత్తింట్లో వాళ్ళ ముక్కు ఎత్తులో గోడ మూలలకు, మంచం కోళ్ళకు ఆ గుడ్డ రాయాలి.

ఫిబ్రవరి 5

లాలి గురించి రాయాలి. మా గేటు ముందు ఉండే వీధికుక్క. ఏళ్ళుగా రెండుపూటలా మా ఇంటి అన్నమే. ఆపరేషన్, టీకాలు మేమే చేయించాం. దాన్ని కూడా తీసుకెళ్ళాలని ఎంత ఉందో నాకే తెలుసు. కానీ లాలికి ఈ గల్లీ మొత్తం ఇల్లు. ఒక గదిలో, కొత్త ఊళ్ళో, తెలియని కుక్కల మధ్య దాన్ని పెట్టడం నా తృప్తి కోసమే అవుతుంది.

పక్కింటి అత్తను అడిగాను. "నువ్వు పోంగనె అది ఉపాసం ఉంటదా బిడ్డా, నేను లేనా" అంది. ఈ వారం నుంచే అన్నం గిన్నె వాళ్ళ మెట్ల దగ్గర పెడుతున్నాం. మొదటి రెండు రోజులు నా చేతిలోంచి అత్త చేతికి, తర్వాత అత్త ఒక్కతే. నేను కిటికీలోంచి చూస్తున్నాను.

అత్త ఇంకో మాట అంది. "కుక్క మనిషిని నమ్ముకుంటది, పిల్లి ఇంటిని నమ్ముకుంటది. మోతీని తీస్కపో, పిల్లుల్ని గిన్నే ఉండనియ్యి." ఇంకొకరైతే ధాన్యం అమ్మే గంజ్‌లో వదిలేస్తే ఎలుకలు తిని బతుకుతాయన్నారు. అత్త మాటలో సగం నిజం ఉంది, అందుకే ఇంత కష్టపడుతున్నాను. వదిలేయడం మాత్రం జరగదు. ఆకలికో దాహానికో బాధపడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం. చట్టం లేకపోయినా నేను వదలను.

ఫిబ్రవరి 9

డీసీఎం రోజు. తెల్లవారకముందే ముగ్గురినీ పడకగదిలో పెట్టి గడియ వేసి, తలుపు మీద "తెరవొద్దు" అని పెద్ద అక్షరాలతో కాగితం అంటించాను. హమాలీలు మంచివాళ్ళు, ఆ తలుపు జోలికే పోలేదు. ఆ గదిలోని బొంత, గొంగడి, బుట్టలు, ఇసుక తొట్టి తప్ప మిగతాదంతా బండెక్కింది.

మా ఆయన బండితో వెళ్ళారు. పొద్దున పదిలోపు పాలు పొంగించాలని అమ్మ వెనకే కారులో వెళ్ళి ముందే చేరింది. నేను ముగ్గురితో ఇక్కడే. ఖాళీ ఇంట్లో ప్రతి చప్పుడూ మోగుతోంది. మోతీ రాత్రంతా గొంగడి మీద పడుకోలేదు, నా కాళ్ళ మీదే.

ఫిబ్రవరి 10

రాత్రి ఎనిమిది తర్వాత ఎవరికీ తిండి పెట్టలేదు, కడుపు నిండా తిని ఎక్కితే వాంతులు అవుతాయి. నీళ్ళు మాత్రం పెట్టాను. మోతీ బెల్టుకు కొత్త ఇంటి చిరునామా, రెండు ఫోన్ నంబర్లు రాసిన బిళ్ళ వేశాను. పిల్లులకూ పట్టీలు కట్టాను.

ఏడింటికి రావాల్సిన కారు ఏడుంపావుకు వచ్చింది. కుక్క ఉందని ఫోన్లో మూడుసార్లు చెప్పాను. డ్రైవర్ మోతీని చూడగానే సీట్లు పాడవుతాయని ఎక్కించుకోనన్నాడు. చద్దర్లు పరుస్తానన్నా, డబ్బు ఎక్కువ ఇస్తానన్నా వినలేదు. వెళ్ళిపోయాడు. గేటు దగ్గర రెండు బుట్టలతో నిలబడి ఏడుపు ఆపుకున్నాను. అత్త లోపలికి వెళ్ళి వాళ్ళ అల్లుడికి ఫోన్ చేసింది. ఎనిమిదిన్నరకు ఆ తమ్ముడు తన కారుతో వచ్చి, "ఎక్కండి అక్కా" అన్నాడు. ఇంకేమీ అడగలేదు.

బుట్టలు వెనక సీటు కింద, ముందు సీట్లకు ఆనించి కదలకుండా పెట్టాం. మీద చీర. మోతీ వెనక సీట్లో, ఒంటి బెల్టును సీటు బెల్టుకు కట్టి. పాటలు పెట్టలేదు. కిటికీ అద్దం రెండు వేళ్ళంత దించాం.

జడ్చర్ల చౌరస్తా దాటేదాకా గుండు అరుస్తూనే ఉన్నాడు. కల్వకుర్తి దాటాక ఒక వేపచెట్టు కింద ఆపి, మోతీని తాడుతోనే దింపి నీళ్ళు పెట్టాను. పిల్లుల బుట్టలు తెరవలేదు. దారిలో బుట్ట తెరిస్తే పిల్లి ఒక్క గెంతులో కనపడకుండా పోతుంది, అది నేను ఎవరికైనా చేతులు పట్టుకుని చెప్తాను. దేవరకొండ, కొండమల్లేపల్లి మీదుగా నల్లగొండ చేరేసరికి ఒంటిగంట దాటింది. తమ్ముడు భోజనానికి కూడా ఆగకుండా వెనక్కి బయల్దేరాడు, బలవంతంగా అరిసెల డబ్బా చేతిలో పెట్టింది అమ్మ.

ముగ్గురూ వెనకగదిలోకి వెళ్ళారు. ఆ గదిని మా ఆయన నిన్నే సిద్ధం చేశారు. పాత చాప, పాత కుర్చీ, పాత ఇసుకలో రెండు గుప్పిళ్ళు కలిపిన కొత్త ఇసుక తొట్టి. ఇప్పుడు బొంత కూడా వచ్చింది. గుడ్డతో గోడ మూలలు, మంచం కోళ్ళు రాశాను. బుట్టల తలుపులు తీసి పక్కన కూర్చున్నాను. పిలవలేదు, లాగలేదు.

గుండు అరగంటలో బయటికి వచ్చాడు. చిట్టి రాలేదు.

ఫిబ్రవరి 11

చిట్టి రాత్రి బుట్టలోంచి బయటికి వచ్చింది, ట్రంకుపెట్టె వెనక్కి వెళ్ళింది. తినలేదు. నీళ్ళు తగ్గలేదు.

ఫిబ్రవరి 12

తినలేదు. డాక్టర్ గారికి ఫోన్ చేశాను. పిల్లి రెండు మూడు రోజులు అసలేమీ తినకపోతే కాలేయం దెబ్బతింటుంది, రేపు సాయంత్రానికి ముట్టకపోతే ఇక్కడి పశువుల దవాఖానకు తీసుకెళ్ళమన్నారు. చేప ఉడికించిన నీళ్ళు వేడిగా, వాసన వచ్చేలా పెట్టమన్నారు. బొంతను ట్రంకుపెట్టె పక్కకు జరిపి, రాత్రి నేనూ ఆ గదిలోనే చాప మీద పడుకున్నాను.

ఫిబ్రవరి 13

తెల్లవారుజామున నాలుక చప్పుడుకు మెలకువ వచ్చింది. చిట్టి బొంత మీద నిలబడి చేపనీళ్ళు తాగుతోంది. నేను కదల్లేదు. తాగి, బొంతను ముందుకాళ్ళతో కాసేపు పిసికి, ముడుచుకుని పడుకుంది. అమ్మను లేపి చెప్పాను. అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టింది.

ఫిబ్రవరి 17

ఫినాయిల్ సంగతి. పనిమనిషి కొత్తగా చేరింది, అలవాటుగా నడిమిల్లు ఫినాయిల్‌తో తుడిచింది. పిల్లులు ఇంకా వెనకగదిలోనే ఉన్నాయి కాబట్టి ప్రమాదం తప్పింది. ఫినాయిల్‌లో ఉండే ఫినాల్‌ను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. తడినేల మీద నడిచి పాదాలు నాకితే చాలు. తెల్ల ఫినాయిల్ మంచిదనుకుంటారు, అందులోని పైన్ నూనె కూడా పిల్లికి పడదు. ఆమెతో కోపంగా మాట్లాడలేదు, ఎవరూ చెప్పకపోతే ఆమెకు ఎలా తెలుస్తుంది. నేల రెండుసార్లు మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టాం. ఇక నుంచి కొంచెం సబ్బునీళ్ళే, ఆరిన తర్వాతే తలుపు తెరవడం. ఇల్లు శుద్ధి కాదేమోనని అమ్మ బెంగ. గడపకు పసుపు రాసి బొట్లు పెట్టుకుంటోంది.

నీళ్ళ గురించి కూడా ఒక నిర్ణయం. నల్లగొండ బోరునీళ్ళ ఫ్లోరైడ్ గురించి తెలియనివాళ్ళు లేరు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే పద్ధతిని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) తయారు చేస్తే దానికి 'నల్లగొండ టెక్నిక్' అన్న పేరే నిలిచిపోయింది. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. ఆ నీళ్ళు తాగితే పశువుల పళ్ళూ ఎముకలూ పాడవుతాయి. మనుషులకు మంచినీళ్ళు పట్టి, జంతువుల గిన్నెలో బోరునీళ్ళు పోయడం చాలా ఇళ్ళలో అలవాటు. మా ఇంట్లో మూడు గిన్నెలకూ మేం తాగే నీళ్ళే.

ఫిబ్రవరి 21

వెనకగది తలుపు తెరిచాం. గుండు పరుగు. చిట్టి గోడ వెంటే, గుడ్డ రాసిన ప్రతి మూల దగ్గరా ఆగి వాసన చూస్తూ వంటింటి దాకా వచ్చి వెనక్కి వెళ్ళింది. అదే మూలలకు తనూ చెంప రాసింది. ఇంకో రెండు వారాలు బయటి తలుపు, కిటికీలు తెరిచేది లేదు.

ఫిబ్రవరి 25

మోతీకి ఇల్లు సులభం, గల్లీ కష్టం. ఇంట్లో మేముంటే దానికి చాలు. బయట మూడు వీధికుక్కలు, వాటి హద్దులు వాటివి. మొదటి వారం తెల్లవారి ఐదింటికే, అవి నిద్రలో ఉండగా, రోజూ ఒకే దారిలో, ఒకే చింతచెట్టు దాకా తీసుకెళ్ళాను. మోతీ స్తంభాలు వాసన చూసి తన గుర్తు వదిలింది. అవి తర్వాత వచ్చి చూసుకుంటాయి. మొహాలు కలవకముందే వాసనలు కలిశాయి. నిన్న మొదటిసారి ఆ మూడూ లేచి నిలబడి చూశాయి, మొరగలేదు. ఈరోజు ఒకటి దగ్గరికి వచ్చి తోక ఊపింది. పెద్దమ్మ మెట్ల మీద కూర్చుని, "మీ మోతీ మా గల్లీల కలిసిపోయింది బిడ్డా" అంది.

పక్కింటి అత్త ఫోన్ చేసింది. లాలి ఐదు రోజులు మా పాత గేటు ముందే పడుకుందట. ఆరో రోజు నుంచి అత్త మెట్ల మీద పడుకుంటోందట. ఇంటి నుంచి కదిలేటప్పుడు అత్తకు నా పాత చీర ఒకటి ఇచ్చి వచ్చాను, ఆ మెట్ల మీద పరవమని. పరిచిందట. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాను.

మార్చి 4

ఎండలు మొదలయ్యాయి. మధ్యాహ్నం బాల్కనీ జాలీ ముట్టుకుంటే కాలుతోంది. బయటి వైపు ఆకుపచ్చ నీడవల కట్టాలి, ఆదివారం పని. మట్టి తొట్టిలో నీళ్ళు, తడిపిన గోనెసంచి అక్కడ పెట్టాను.

పొద్దున ఆరున్నరకు చిట్టి మొదటిసారి బాల్కనీలోకి వచ్చింది. ఎదురింటి ట్యాంకు మీద కోతుల్ని చూసి ఒళ్ళు ఉబ్బించింది. ఒక కోతి దూకి వచ్చి జాలీ పట్టుకుని గుంజింది. కట్లు కదల్లేదు. కోతి వెళ్ళిపోయింది. చిట్టి వెనక్కి పారిపోలేదు. ఎడమ మూలన, మేం ముక్క దూర్చి కట్టిన చోట, ముక్కు పెట్టి చూసి, చెంప రాసుకుని, ఎండపొడ పడే చోట పడుకుంది.

అమ్మ గుమ్మంలో నిలబడి చూసి నన్ను అడిగింది. "ఇగ బొంత ఉతుకొచ్చునా బిడ్డా?"

సగం ఉతుకుదామన్నాను. అమ్మ కూర్చుని కుట్టు విప్పుతోంది.